ఉగాదికి ముందు మామిడి ముక్క

ఆవపల్లిలో కొనుగోలు కేంద్రం పెట్టబోతున్న ఆమ్‌చూర్, అంటే ఎండు మామిడి పొడి, కంపెనీ వాళ్లు, ఇంటర్వ్యూలకు మా దుకాణం వెనక గది అడిగారు. ఇచ్చాను. మామిడి సరుకును చూసి తీసుకోవడానికి వాళ్లకు ఒక మనిషి కావాలి. జగదల్‌పూర్ నుంచి జీపులో వచ్చిన దూబే సాబ్‌కు మా వైపు మాట రాదు. పనికోసం వచ్చినవాళ్లకు హిందీ అంతంతమాత్రం. మధ్యలో మాట అందించే పని కూడా నా మీదే పడింది.

మామిడికాయలు కోసి పళ్లాల్లో పెట్టమని దూబే మా ఆవిడ అన్నపూర్ణమ్మకు నాతో చెప్పించాడు. పళ్లాలు రాగానే తలుపు దగ్గరికి వేసి, ఒకదానిలోని ముక్కల మీద నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు చల్లాడు.

"ఏ పులుపు కాయదో, ఏది కలిపిందో నాలుకకు తెలియాలి సేఠ్. తెలియనివాడు రేపు కంపెనీని ముంచుతాడు. ఈ సంగతి గది దాటకూడదు."

పని అడగడానికి వచ్చినవాళ్లకు ఈ ఉచ్చు ఎందుకో నాకు అర్థం కాలేదు. కంపెనీల పద్ధతేమో అని ఊరుకున్నాను.

వసారాలో కూర్చున్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. బయటికి వచ్చినవాణ్ణి "ఏం అడిగిండు?" అంటే, "ఏం లే, పేరడిగిండు" అని మూతి తుడుచుకుంటున్నాడు. సోమారు అనే కుర్రాడు మాత్రం అన్ని పళ్లాలూ రుచి చూసి, ఒకదాని దగ్గర మొహం చిట్లించి, "దీంట్ల ఏందో కలిసింది" అన్నాడు. దూబే మొహం వెలిగింది.

ఆ తర్వాత సోమారు వాళ్ల ఊరి బుధ్రి వచ్చింది. ఆమె మొగుడు తాటిచెట్టు మీంచి పడి నడుం విరిగి మంచాన ఉన్నాడు. ఏడాది పొడుగునా ఉండే ఈ పని దొరక్కపోతే, ఆమె పిల్లల్ని తీసుకుని మిరప కోతలకు గోదావరి అవతలికి పోవాలి. అప్పుడు మంచంలో ఉన్నవాణ్ణి చూసేదెవరు?

పళ్లాలు జరిపితే చేతులు వెనక్కి పెట్టుకుంది.

"తినను."

"ఎందుకమ్మా?" అన్నాను.

"మా ఊళ్లె ఇంకా మామిడి పండుం కాలే సావుకారీ. పూజారి దేవతకు పెట్టిందాక కొత్త కాయ ఎవరం నోట్లె పెట్టం."

పండుం అంటే వాళ్ల కొత్త కాయల పండుగ. ఆ మాటే హిందీలో చెప్పాను. దూబే కళ్లు చిన్నవి చేశాడు.

"అదే ఊరివాడు ఇప్పుడే తిని వెళ్లాడు. అతనికి లేని పండుగ ఈమెకెక్కడిది? అడగండి."

అడిగాను. తలుపు సందులోంచి వసారాలో సోమారు కనిపిస్తున్నాడు. తల ఎత్తలేదు. పండుం కాకముందే తిన్నాడని తెలిస్తే ఊరు తప్పు వేస్తుంది, కొన్నాళ్లు ఎవరూ వాడితో కలిసి తినరు. బుధ్రి ఒకసారి అటు చూసింది.

"అది మా ఇంటి పట్టింపు. ఊరిది కాదు."

ఉన్నదున్నట్టే హిందీలో చెప్పాల్సి వచ్చింది.

"చూశారా, మాట మారింది!" అన్నాడు దూబే. "పళ్లెంలో మందేదో ఉందని ఈమెకు తెలుసు. ఏ పళ్లెమో తెలియక అన్నీ వద్దంటోంది. ఎవరు చెప్పారు సేఠ్? ముక్కలు కోసింది మీ ఇంట్లో. నిమ్మ ఉప్పు కలిపిన గిన్నె మీ వంటింటిది."

పొద్దున బుధ్రి మంచినీళ్లకని వంటింటి గుమ్మం దాకా వెళ్లడం నేను చూశాను. అన్నపూర్ణమ్మ ఆమెతో మెల్లగా ఏదో మాట్లాడింది కూడా. భగవంతుడా, నా మనసులోనూ ఆ పురుగు దూరింది. లేచి వంటింట్లోకి వెళ్లాను.

"బుధ్రితో ఏం మాట్లాడావు?"

"మొగుడికి ఎట్లున్నదని అడిగిన. తప్పా?"

"ముక్కల సంగతేమైనా..."

"ఏందండీ మీరు! ఉగాది పచ్చడి రాముడికి పెట్టందే నేనే ముట్టను. ఆ ముక్కల్ల ఏమున్నదో నాకేం తెలుసు? పొద్దటి సంది ఆ జీపాయన పక్కన కూసున్నరు, మీకూ అంటుకున్నది."

సిగ్గేసింది. తిరిగి వెళ్లి, మా ఇంట్లోంచి మాట పోలేదన్నాను. ఉగాది దాకా మేమూ కొత్త కాయ ముట్టమని, బుధ్రి పట్టింపూ అలాంటిదేనని చెప్పాను.

దూబే నవ్వాడు. "ఇద్దరిదీ ఒకే సాకు! సరే, మీరొక ముక్క తినండి. మీ మధ్య ఏ ఒప్పందమూ లేదని నమ్ముతాను. ఈమెకు ఇంకో అవకాశం ఇస్తాను."

ఉగాదికి ఇంకా వారం ఉంది. చిన్నప్పటి నుంచి ఆ పచ్చడికి ముందు మామిడి కొరికి ఎరగను. కానీ ఆ మంచం, ఆ మిరప చేలు కళ్లముందు మెదిలాయి. ఒకరి అన్నం కోసం తప్పితే రాముడు తప్పు పడతాడా? పట్టడని నాకు నేనే చెప్పుకుని ఒక ముక్క నోట్లో వేసుకున్నాను.

దూబే చేతులు చరిచాడు. "సేఠ్ తిన్నాడు. ఏం కొంప మునిగింది? ఇప్పుడు ఆమెను తినమనండి."

ఆమె కోసం తిన్న ముక్క ఆమె మెడకే చుట్టుకుంది. బుధ్రి నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వు ఆయన మనిషివా సావుకారీ?"

"కాదమ్మా, నీ కోసమే..."

"నేను తినమన్ననా? నీ దేవుడు నీ ఇంట్ల ఉన్నడు, నువ్వూ ఆయనా ఏమన్న అనుకోవచ్చు. మా దేవత ఊరందరిది. నా ఒక్కదానితోని అయితదా?" అని, ఈ మాట సాబ్‌కు చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"ఏమంటోంది?" అన్నాడు దూబే.

"తినదట," అన్నాను.

పని సోమారుకే ఇచ్చాడు.

బయట నీళ్ల తొట్టి దగ్గర సోమారు సైకిల్ పట్టుకుని బుధ్రి కోసం నిలబడ్డాడు.

"ఊళ్లె చెప్తవా అక్కా?"

"చెప్పేదుంటే లోపట్నే చెప్పేదాన్ని. ఫస్టు నోరు కడుక్కో. పులుపు వాసన పూజారి ఇంటిదాక కొడ్తంది."

చెంబు ముంచి పోసింది. వాడు పుక్కిలించి ఉమ్మాడు. ఇంకోసారి పోయించుకున్నాడు. సైకిల్ ఎక్కమంటే, నడిచే వస్తానంది.

నా పళ్లు పులిసి ఉన్నాయి. గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. వెళ్లబోతూ బుధ్రి ఆగి, చెంబు మళ్లీ ముంచింది.

"రా సావుకారీ, నువ్వు గూడ," అంది.

మెట్టు దిగి దోసిలి పట్టాను.