పండ్ల మధ్య గడియారం

ఆ రోజు పదకొండో గడియారానికి సెల్లు మార్చి రూతు కంటికి పెట్టుకున్న భూతద్దం తీసింది. నీళ్లు కారాయి. ఏడుపు కాదు, చూపు అలసిపోతే వచ్చే నీళ్లు. కొత్తవాడ రోడ్డు పక్కన, మెట్ల కింద ఉన్న ఆ ఇరుకు దుకాణంలో ఇరవై ఆరేళ్లుగా కూర్చుంటోంది. పని నేర్పిన భర్త సుందర్ రావు పోయి పన్నెండేళ్లయింది. ఈ మధ్య చేతులు వణుకుతున్నాయి. దుకాణం మూసేసి, ఈ సాయంత్రం బస్సుకు వర్ధన్నపేటలో చెల్లెలింటికి వెళ్లిపోతోంది. దుకాణం యజమానికి తప్ప ఎవరికీ చెప్పలేదు. సెల్లు మార్చేవాళ్లు వీధికొకరున్నారు, చెప్పడం దేనికనుకుంది.

మూడింటికి రాయమల్లు వచ్చాడు. మరమగ్గాల షెడ్డులో నలభై ఏళ్లు పనిచేసి చెవులు పోగొట్టుకున్న మనిషి. మీసాల మీద దూది పొట్టు. జేబులోంచి కీ ఇచ్చే గడియారం తీసి బల్ల మీద పెట్టాడు.

"నిన్నటిసంది నడుస్తలేదక్కా."

మూత తెరిచి చూసింది. స్ప్రింగు తెగిపోయింది. అలాంటిది ఇప్పుడు బజారులో దొరకదు. పెదవుల కదలిక అతనికి కనబడేలా ముఖమెత్తి అడిగింది.

"సెల్లు గడియారం పెట్టుకోరాదె అన్నా? దీనికోసం ఎన్నిసార్లు తిరుగుతవు?"

"కొడుకు కొనిచ్చిండు. టైం మంచిగనే చూపిస్తది. పండ్ల నడుమ కరిచి వట్టుకుంటె మాత్రం సప్పుడే రాదు. ఇదైతే తలకాయ నిండ మోగుతది." మీసాల మీది పొట్టు తుడుచుకున్నాడు. "మనుమరాలు మాటలు నేర్సిందంట. అయి గూడ ఇనలే నేను. నాకు ఇనవడేది గిదొక్కటే."

రూతు సొరుగు లాగింది. అందులో సుందర్ రావు గడియారం ఉంది, అదే రకం, అదే కొలత. ఎవరూ పెట్టుకోకపోయినా రోజూ పొద్దున్నే దానికి కీ ఇస్తుంది. దాన్ని ఒకసారి అరచేతిలో పట్టుకుని, వెనక్కి తిప్పి, మూత ఊడదీసింది.

గంటన్నర పట్టింది. దానిలోంచి తీసిన స్ప్రింగు రాయమల్లు గడియారంలో పెడుతుంటే రెండుసార్లు చిమ్టా పట్టు నుంచి జారింది. మెడ పట్టేసింది. చివరికి చక్రం కదిలింది.

రాయమల్లు గడియారాన్ని పండ్ల మధ్య పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. అలాగే నిలబడిపోయాడు.

"అన్నా, ఇయ్యాలటితోని దుకాణం బందు జేస్తాన," అంది రూతు.

అతను కళ్లు తెరిచేసరికి ఆమె పెదవులు ఆగిపోయాయి.

"ఏమన్న అన్నవా అక్కా?"

"జర నీళ్లు తగలనియ్యకు అన్నా."

"సరే. దసరకు మల్ల తెస్త, నూనె వేద్దువు."

రూతు తల ఊపింది.

అయిదున్నరకు పనిముట్లు సంచిలో సర్దుకుని, తాళంచెవి యజమానికిచ్చి బస్సెక్కింది. కిటికీ పక్కన సీటు దొరికింది. ఊరు దాటకముందే నిద్ర పట్టింది.

రాయమల్లు గడియారం మూత లోపల, ఇక ఎవరూ తెరిచి చూడని చోట, బాగుచేసినప్పుడల్లా ఆమె సూదితో గీసిన తేదీలు ఆరున్నాయి. ఆరో తేదీ కింద, మొదటిసారిగా, ఒక పేరు కూడా ఉంది: రూతు.