మూత తట్టే మనిషి

డెరెక్‌ను లారీ మీద నుంచి దింపేసిన రోజు మేమంతా షెడ్డు ముందే ఉన్నాం. సూపర్‌వైజర్ రస్సెల్ అతని చేతికి ఒక కొక్కెం కర్ర ఇచ్చాడు.

"ఇకనుంచి నీ పని లోపలే. కిందపడ్డ అట్టల్ని బెల్టు దగ్గరికి లాగు."

"మరి డబ్బాల్లోకి ఎవరు చూస్తారు?"

"లారీకి కెమెరా పెట్టాం కదా."

"కెమెరా మూత తీస్తుందా?"

రస్సెల్ నవ్వాడు. "డబ్బాల్లో పడుకునేవాళ్ళని తట్టి లేపి గుడ్ మార్నింగ్ చెప్పడానికి కంపెనీ నీకు జీతమివ్వాలా పెద్దాయనా?"

లిన్ అనే ఈ ఇంగ్లీషు పట్నంలో ఇళ్ళ నుంచీ దుకాణాల నుంచీ వచ్చే అట్ట, ప్లాస్టిక్, రేకు మా షెడ్డుకే వస్తాయి. బెల్టు మీద కదిలిపోతుంటే మేం వేరు చేస్తాం. దుకాణాల వెనక ఉండే అట్టల డబ్బాలు మనిషి పట్టేంత పెద్దవి. చలికాలం ఇల్లు లేనివాళ్ళు వాటిలో పడుకుంటారు. డెరెక్ దిగి, మూత మీద గట్టిగా తట్టి, తీసి చూసి, అప్పుడే డబ్బాను లారీలోకి కుమ్మరించమని డ్రైవర్ గ్లెన్‌కు చెయ్యి ఊపేవాడు. లారీలో అట్టల్ని నొక్కే యంత్రానికి పెట్టెకూ మనిషికీ తేడా తెలియదు.

ఆల్గిస్ అలాంటి డబ్బాలోనే పడుకుంటున్నాడు. మా లిథువేనియావాడే. బెల్టుకు అవతలి పక్క, నాకు ఎదురుగా నిలబడి పనిచేసేవాడు. నడుం పట్టేసి కొన్నాళ్ళు రాలేకపోయాడు. రేపు పని ఉందని, మమ్మల్ని కూలికి పంపే ఏజెన్సీ రోజూ సాయంత్రం మెసేజ్ పెడుతుంది. అతనికి పెట్టడం మానేసింది. పని పోయాక గది పోయింది. సూపర్‌మార్కెట్ అట్ట పాలతో తడిసి, చేపల కంపు కొడుతుంది. ఫర్నిచర్ దుకాణం అట్ట మందంగా, పొడిగా ఉంటుంది. మా పని చేసినవాడు కాబట్టి ఏరి మరీ ఆ డబ్బా చూసుకున్నాడు.

డెరెక్‌ను దింపేసిన సాయంత్రం ఆల్గిస్‌కు బీట్‌రూట్ పులుసు పట్టుకెళ్ళి చెప్పాను. "డెరెక్‌ను దింపేశారు. రేపటినుంచి ఎవరూ తట్టరు."

"గ్లెన్ తడతాడులే. మంచివాడు."

"గ్లెన్‌ను దిగనివ్వరు. ప్రతి దుకాణం దగ్గరా టైము చూస్తున్నారు."

"మరెక్కడ పడుకోమంటావు రూటా? నీ గదిలోనా?" నవ్వాడు.

నా గదిలో అప్పటికే నలుగురం ఆడవాళ్ళం. చర్చివాళ్ళ వసతిలో చోటు లేదని అతన్ని ముందే తిప్పి పంపారు. ఆల్గిస్ గిన్నె ఖాళీ చేసి ఇచ్చాడు.

మర్నాడు టీ గదిలో గెనే పిన్ని లేచింది. మా లిథువేనియావాళ్ళలో పెద్దది ఆమే.

"డెరెక్ మళ్ళీ లారీ ఎక్కేదాకా బెల్టు మీద ఎవరూ చెయ్యి వెయ్యొద్దు."

"నాకిద్దరు పిల్లలు పిన్నీ," అంది ట్రేసీ. ఆమె ఈ ఊరిదే. "నీ మాట వింటే రేపు మెసేజ్ వస్తుందా?"

"రాదు."

"మరి?"

"నోరు మూసుకుంటే వస్తుందని రస్సెల్ నీకు రాసిచ్చాడా?"

"రాసివ్వలేదు. కానీ వస్తోందిగా!"

"డబ్బాలో ఉన్నది మీవాడు కాబట్టి నీకీ బాధ," అన్నారెవరో.

"రేపు నువ్వుండవని నమ్మకమేమిటి?" అంది పిన్ని.

అరుపులు పెరిగాయి. చివరికి ముందు అడిగి చూద్దామన్నారు. పిన్ని వెళ్ళి రస్సెల్‌ను అడిగింది. ఆ సాయంత్రం ఆమెకు మెసేజ్ రాలేదు. మర్నాడు బెల్టు దగ్గర ఆమె చోటు ఖాళీ. మేం తలలు వంచుకున్నాం. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

ఆ వారం మంచు కురిసింది. శుక్రవారం ఉదయం గ్లెన్ లారీ వచ్చి అట్టలు కుమ్మరించింది. డెరెక్ లాగుతూ లాగుతూ కర్ర వదిలేసి అరిచాడు. పరిగెత్తాం. సోఫా పెట్టెల మధ్య ఆల్గిస్ ఉన్నాడు. డెరెక్ మోకాళ్ళ మీద కూలబడి అతని చెంప తడుతున్నాడు. "లెయ్ బాబూ. లెయ్."

రస్సెల్ వచ్చి చూశాడు. ముఖం పాలిపోయింది. అయినా, "ఇక్కడ గుమిగూడొద్దు. బెల్టు దగ్గరికి పదండి," అన్నాడు.

బెల్టు ఆపే ఎర్రతాడు లాగింది ట్రేసీ. షెడ్డంతా నిశ్శబ్దమైపోయింది.

పోలీసులు వచ్చి గ్లెన్‌ను పట్టుకున్నారు. "దిగనిస్తే కదా! నన్ను దిగనిస్తే కదా!" అని ఏడుస్తున్నాడు. మేం కారుకు అడ్డం నిలబడ్డాం.

"వాణ్ణెందుకు తీసుకెళ్తారు? దిగొద్దన్నవాళ్ళని ఎక్కించండి!" అని డెరెక్ అరిచాడు.

"అదంతా తర్వాత విచారిస్తాం. తప్పుకోండి," అన్నాడు పోలీసాయన. మర్యాదగానే ఒక్కొక్కరినీ రెక్క పట్టుకుని పక్కకు జరిపారు. కారు వెళ్ళిపోయింది. మేం చేయగలిగింది అంతే.

ఆ సాయంత్రం మాలో ఎవరి ఫోనూ మోగలేదు.

మర్నాడు ఎవరూ పిలవకుండానే అందరం గేటు దగ్గరికి వచ్చాం. గెనే పిన్ని కూడా వచ్చింది. తెల్లవారకముందే ఏజెన్సీ బస్సు కొత్తవాళ్ళతో వచ్చి ఆగింది. తిమోర్ దీవి నుంచి వచ్చినవాళ్ళు. ఒకామె కిటికీ తీసి, వచ్చీరాని ఇంగ్లీషులో ఏమైందని అడిగింది. టీ గదిలో ఏనాడూ నోరు విప్పని నేనే చెప్పాను. నా ఇంగ్లీషూ అంతంతమాత్రమే. డబ్బా, మనిషి, లారీ అన్నాను. ఆమెకు అర్థమైంది. వెనక్కి తిరిగి తనవాళ్ళకు వాళ్ళ భాషలో చాలాసేపు చెప్పింది.

రస్సెల్ బస్సు తలుపు తీశాడు. "దిగండి, పని మొదలుపెట్టాలి."

ఒక కుర్రాడు లేచాడు. ఆమె అతని చొక్కా పట్టుకుంది. కూర్చున్నాడు. ఎవరూ దిగలేదు.

రస్సెల్ ఫోన్ తీశాడు.

గ్లెన్ ఇంకా స్టేషన్‌లోనే ఉన్నాడు. ఆల్గిస్ శవాన్ని వాళ్ళమ్మ దగ్గరికి ఎలా చేర్చాలో మాకు తెలియదు. వచ్చే వారం అద్దె ఎవరి దగ్గరా లేదు. రోడ్డు మలుపులో ఇంకో బస్సు దీపాలు కనిపించాయి.

"ఎన్ని తెస్తారే వీళ్ళు?" అంది ట్రేసీ.

"ఎన్నైనా తెస్తారు," అంది పిన్ని.

మేం దానికి ఎదురు నడిచాం.