రెండో చరణం

మూడో వరస కర్రల దగ్గర పడవ ఆపి, చిల్లులున్న మేత సంచీని నీళ్లలోకి వేలాడగట్టాడు సుందరరావు. తడిసిన తవుడు మోచేతుల దాకా పట్టేసింది. ఆకివీడు దగ్గర ఈ చేపల చెరువులో ఇరవై రెండేళ్లుగా ఇదే పని. నడుము ఎప్పుడో మొరాయించింది, కడుపే ఊరుకోదు.

ఇవాళ మేత కన్నా బరువైన పని ఒకటుంది. గట్టు మీద తువ్వాలులో మూటగట్టి పెట్టిన భజన తాళాలను సూర్యప్రకాశరావు గారికి తిరిగి ఇచ్చెయ్యాలి.

ఆయన రామాలయం భజనకు పెద్ద. ముప్పై ఏళ్ల కిందట తన ఇంటి అరుగు మీద కూర్చుని, కింది మెట్టు మీద కూర్చున్న సుందరరావుకు తాళం నేర్పారు. ఆ రాముడి పాట వరసలోనే సుందరరావు యేసయ్య పాట కట్టుకున్నాడు. అది విని ఆయన రెండో చరణంలో లయ తప్పిందని సరిదిద్దారే తప్ప దేవుడి పేరు మార్చిన సంగతి ఎత్తలేదు. అతను వెళ్లబోతుంటే ఈ తాళాలూ చేతిలో పెట్టారు. చర్చిలో ప్రతి ఆదివారం అదే పాట.

కొత్తగా వచ్చిన పాస్టరు ఆనంద్ పాల్ గారు గుడి వరసలు, గుడి తాళాలు ఇక వద్దన్నారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని సుందరరావు భార్య రూతమ్మ సణిగింది. అతనికి పాస్టరు గారితో వాదించే ఓపిక లేదు.

సాయంత్రం అదే మెట్టు దగ్గర నిలబడితే, సూర్యప్రకాశరావు గారి భార్య వీరరాఘవమ్మ గారు లోపలికి రమ్మన్నారు. ఆయన వారం నుంచీ మంచం దిగలేదట. సుందరరావు ఆ గడప దాటడం అదే మొదలు. ఒంటి మీది తవుడు వాసనకు సిగ్గుపడ్డాడు.

మూట విప్పి తాళాలు మంచం మీద పెట్టి, ఎందుకు తెచ్చాడో చెప్పబోయాడు. పెద్దాయన పాడమని సైగ చేశారు.

రాముడి మాటలే పాడదామనుకున్నాడు. అలవాటున నోటికి యేసయ్య పేరే వచ్చింది. పల్లవి సగంలో తెలిసి చప్పున ఆగిపోయాడు.

"తప్పైపోయిందండీ."

"ఆపకు సుందరరావూ, కానివ్వు," అన్నారు వీరరాఘవమ్మ గారు.

పెద్దాయన పెదవులు కదిలాయి. "రెండో చరణం... జాగ్రత్త."

మంచం పట్టె మీద ఆయన వేలు తాళం వేస్తోంది. రెండో చరణం తప్పు లేకుండా దాటింది. సంతోషంగా తలెత్తి చూసేసరికి వేలూ, ఊపిరీ ఆగిపోయి ఉన్నాయి. అయినా చివరిదాకా పాడాడు.

చాలాసేపటికి వీరరాఘవమ్మ గారు కళ్లు తుడుచుకుని, మంచం మీది తాళాలను తువ్వాలులో చుట్టి అతనికి అందించారు.

"ఆదివారం నీకు కావాలి కదా."

ఇచ్చెయ్యడానికి తెచ్చిన మూటను అతను రెండు చేతులా అందుకున్నాడు. పాస్టరు గారితో మాట్లాడే ఓపిక ఆదివారంలోగా ఎలాగో తెచ్చుకోవాలి. మెట్టు మీద కూలబడి మూట విప్పాడు. రెండు కంచు తాళాలు, వాటి తాడుకు తన వేళ్ల నుంచి అంటి ఎండిన తవుడు.