ఓడ నుంచి అంకెలు

సుందర్ రాజ్ సరుకు ఓడలో రేడియో ఆఫీసరు. 1979లో ఆ ఓడ విశాఖ వదిలి ఏడు నెలలైంది. నాలుగు రోజులుగా కబురు లేకపోవడంతో, అతని భార్య రత్నమణి సాయంత్రం మల్కాపురం నుంచి వైర్‌లెస్ స్టేషనుకు వచ్చింది.

"సూర్యుడి మీద తుపానమ్మా. సిగ్నల్‌ని మళ్ళీ నేలకి తిప్పి పంపే కరెంటు పొర పైన ఆకాశంలో సెదిరిపోనాది," అన్నాడు ఆపరేటరు సత్యం.

"ఎప్పటికి కుదురుకుంటాది, అన్నా?"

అంతలో హెడ్‌ఫోన్లలో సన్నగా మోర్స్ చప్పుడు మొదలైంది. సత్యం కాసేపు రాసుకుని, హెడ్‌ఫోన్లు ఆమెకు అందించాడు.

"ఓడ క్షేమమేనట. ఇప్పుడు గాలివాటం అంకెలు పంపుతన్నాడు. నీకేటి తెలుస్తాదమ్మా?"

"అంకెలైతే ఏటి? ఆయన సెయ్యేగా కొడతన్నాది."

చివరి అంకె దాకా ఆమె కదల్లేదు.