తలకిందుల పిట్టలు

అత్తగారికి ముక్కు మీదే కోపం. ఆ కోపాన్ని వీధి వీధంతా భరించేది, ఎందుకంటే ఆవిడ పనితనం అలాంటిది. చూపుడువేలంత బొమ్మలకి గౌన్లు కుట్టడం ఆవిడ పని. మనుషులకి కుట్టమని ఎవరైనా వస్తే, "అంతంత గుడ్డ ఎవరు మోస్తారమ్మా!" అని గుమ్మంలోంచే పంపించేసేది.

ఆవిడ చూపు మసకబారిన సంగతి ఇంట్లో ఒక్క కోడలికే తెలుసు. ఆ మాట ఆవిడతో అనే ధైర్యం మాత్రం ఎవరికుంది? పొద్దున్నే కోడలు చప్పుడు చేయకుండా సూదులన్నిటికీ దారాలెక్కించి, దిండుకి గుచ్చి వెళ్ళిపోయేది. అత్తగారు వచ్చి వాటితో కుట్టుకునేది. ఎవరెక్కించారని ఒక్కనాడూ అడగలేదు. కొడుకైతే ఏనాడో తేల్చి చెప్పేశాడు: "నీ చూపు తగ్గిందని తెలిసిన రోజున ఆ కుట్టుబల్ల ఎత్తి అవతల పారేస్తానమ్మా." ఆ బల్ల పోతే అత్తగారు ఏమైపోతుందో తలుచుకోవడానికే కోడలికి భయం.

ఆ రోజు బొమ్మలమ్మ వచ్చింది. పాత బొమ్మరిళ్ళు బాగుచేస్తుంది కాబట్టి అందరూ ఆమెని అలాగే పిలుస్తారు. ఈసారి ఆమె బాగుచేస్తున్నది చిన్నప్పుడు తాను ఆడుకున్న ఇల్లే. అందులో అమ్మ బొమ్మకి గౌను కావాలి. సంచిలోంచి జేబురుమాలంత గుడ్డ తీసి బల్ల మీద పరిచింది.

"మా అమ్మ గౌనులో మిగిలింది ఇంతేనండీ. మళ్ళీ కావాలన్నా దొరకదు. ఏమీ అనుకోకపోతే, మీరు కోసేదాకా ఇక్కడే కూర్చుంటాను."

"కూర్చో తల్లీ. నీ గుడ్డ నేనేం మింగేస్తానా?" అంది అత్తగారు.

లేత పసుపు గుడ్డ. దూరం నుంచి చూస్తే దాని నిండా చుక్కలు. కోడలు వంగి చూసింది. అబ్బ, అవి చుక్కలు కావు, పిట్టలు! నువ్వుగింజంత పిట్టలు, అన్నీ పైకే ఎగురుతున్నాయి. బొమ్మ గౌనుకి ఇంత సన్నటి అచ్చు దొరకడం అదృష్టమే. పెద్ద పువ్వుల గుడ్డయితే ఒక్క పువ్వుకే గౌనంతా సరి.

అత్తగారు గుడ్డ తడిమి, పోగు ఎటు సాగుతుందో చూసుకుని, గౌను కొలతకి కత్తిరించి పెట్టుకున్న కాగితాలు పరిచింది. ముందు భాగం పెట్టింది. దాని పక్కనే వెనక భాగాన్ని తిరగేసి, మెడ కిందికీ అంచు పైకీ వచ్చేలా ఇరికించింది. అలా ఎదురుబొదురుగా పెడితే గుడ్డ కలిసొస్తుంది. చుక్కల గుడ్డని ఎవరైనా అలాగే కోస్తారు. పిట్టల గుడ్డని అలా కోస్తే గౌను ముందు పిట్టలు ఎగురుతాయి, వెనక పిట్టలు తలకిందులుగా రాలిపోతాయి. పని నేర్చుకునే రోజుల్లో కూడా అత్తగారు అలాంటి తప్పు చేసి ఉండదు.

కోడలికి అర్థమైపోయింది. ఆవిడకి పిట్టలు కనబడటం లేదు.

నోరు తెరిస్తే పరాయి మనిషి ముందు గుట్టు బయటపడుతుంది. తెరవకపోతే ఆ ఉన్న ఒక్క గుడ్డా నాశనమవుతుంది. ఏం చేయాలి దేవుడా!

"అత్తయ్యా, కాస్త టీ తాగి కోద్దురుగానీ."

"కత్తెర పట్టాక టీ ఏమిటే?"

"పోనీ, దీపం దగ్గరికి జరపనా?"

"ఏం, నేను చీకట్లో కూర్చున్నానా?"

కత్తెర నోరు తెరిచి గుడ్డ అంచుకి వచ్చేసింది. ఇక ఆగలేక, చెయ్యి చాచి వెనక భాగం కాగితాన్ని చటుక్కున తిప్పేసింది.

"నా బల్ల మీద చెయ్యి పెట్టావా?" అత్తగారి గొంతు ఖంగుమంది.

"ఇందాక నేనే దాన్ని తిరగేసి పెట్టేశానత్తయ్యా. నాదే పొరపాటు."

అబద్ధమాడటం ఆ పిల్లకి ఎప్పుడు చేతనయింది గనుక! అప్పటిదాకా ఆమె బల్లని ముట్టుకోనే లేదు. బొమ్మలమ్మ కళ్ళల్లో వత్తులు వేసుకుని చూస్తూనే ఉంది.

"నువ్వెప్పుడు పెట్టావే? నా చేత్తో నేను పెట్టాను. అయినా చుక్కల గుడ్డకి పైనేమిటి, కిందేమిటి?"

బొమ్మలమ్మే నెమ్మదిగా అంది, "చుక్కలు కావండీ, పిట్టలు."

"ఏ పిట్టలు?"

అత్తగారు గుడ్డ ఎత్తి ముక్కుకి ఆనించుకుంది. కిటికీ వైపు తిప్పింది. కళ్ళజోడు తీసి చూసింది, పెట్టుకుని చూసింది. ఆవిడ ముఖం పాలిపోయింది.

"ఇవాళ్టికి వద్దులెండి. ఇంకోసారి చూద్దాం," అంటూ బొమ్మలమ్మ గుడ్డ కోసం చెయ్యి చాచింది. మర్యాదగానే అంది. తిట్టినా బాగుండేదనిపించింది కోడలికి.

అత్తగారు గుడ్డని బల్ల మీద పెట్టి, దాని మీద అరచెయ్యి వేసింది. "మా కోడలు కోస్తుంది."

"నేనా! నేనెప్పుడూ కోయలేదు అత్తయ్యా. ఉన్నది ఒక్క గుడ్డ!"

"నీకు కనబడుతుందే. నాకు కనబడదు."

ఆ మాట ఆవిడ నోట రావడం అదే మొదటిసారి. అరవలేదు, కసరలేదు. బొమ్మలమ్మ వైపు తిరిగి, "దాచాను తల్లీ, తప్పు నాదే. కొలతలు నా వేళ్ళకి తెలుసు. నేను చెబుతాను, అది కోస్తుంది. నీకు నమ్మకం లేకపోతే గుడ్డ మడిచి పట్టుకెళ్ళు," అంది.

బొమ్మలమ్మ గుడ్డనీ కోడలినీ మార్చి మార్చి చూసింది. "కానివ్వండి," అంది చివరికి.

అన్ని భాగాలూ ఒకే వైపు పెడితే గుడ్డ చాలలేదు. అత్తగారు వేళ్ళతో కొలుచుకుని, గౌను పొడుగు చేతుల్ని పొట్టి చేతులు చేసింది. కోడలు కత్తెర పట్టింది. చెమటకి అది జారిపోతోంది. అత్తగారు ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఊపిరి బిగబట్టకే, చెయ్యి బిగుసుకుంటుంది. కాగితం అంచు వెంటే పో."

ముందు భాగం వచ్చింది. వెనక భాగం మెడ వంపు దగ్గర కత్తెర తొందరపడింది. కోడలు చెయ్యి ఆపేసింది.

"ఎంత పోయింది?"

"ఒక్క పోగు."

"కుట్టులో కలిసిపోతుంది. కానీ."

ముక్కలన్నీ వరసగా బల్ల మీదికి చేరాయి. పిట్టలన్నీ పైకే చూస్తున్నాయి. బొమ్మలమ్మ కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు తుడుచుకుంది. కోడలు కత్తెర కింద పెట్టినా అత్తగారు ఆమె మణికట్టు వదలలేదు.

"ఏమే," అంది, పరాయి మనిషి వినకూడదన్నట్టు గొంతు తగ్గించి. "వాటికి ముక్కులు కూడా ఉన్నాయా?"

"ఉన్నాయత్తయ్యా. ఎర్రగా."

"ఎర్రగానా..." అంటూ అత్తగారు ఆ గుడ్డ వంకే చూస్తూ కూర్చుంది.