కెమెరాకి కనిపించని చేతులు

కోడలు తొడుగుల్ని వేడి సబ్బునీళ్లలో నానేసి, ఒక్కొక్కటే తీసి గట్టు మీద పరిచి బ్రష్‌తో రుద్దుతోంది. నీళ్లు అప్పటికే నల్లబడ్డాయి. మిషను నూనె ఒక పట్టాన వదలదు. రుద్దిన చోట వదిలి పక్కకు పాకుతుంది.

మోచేతి దగ్గర మొదలై వేళ్ల చివరల దాకా వచ్చే గుడ్డ గొట్టాలవి. మిషన్ల మీద కప్పే బూడిదరంగు గుడ్డ చిరిగి మూలపడి ఉంటే అడిగి తెచ్చుకుని తనే కుట్టింది. రేకు అంచులు మొగుడి చేతుల్ని కోసేస్తుంటే చూడలేక కుట్టింది. ఆ తొడుగుల వెనక అంతకు మించి ఏ ఆలోచనా లేదు. ఇప్పుడు మొగుడూ తనూ పనిచేసే మూతల షెడ్డులో ప్రెస్సుల మీద ఉన్నవాళ్లంతా అలాంటివే కుట్టించుకుని తొడుక్కుంటున్నారు.

"రుద్ది రుద్ది చిల్లులు పెడతావా ఏంటి?" గుమ్మంలో కూర్చున్న అత్తగారు అడిగింది.

"జిడ్డు అత్తయ్యా. పోవడం లేదు."

"అది సరే. మీ షెడ్డులో ఆ కెమెరాకి అత్త అని పేరు పెట్టారటగా. ఎవరి అత్తని చూసి పెట్టారో!"

కోడలు నవ్వు ఆపుకుంది. "ఊరికే వంకలు పెట్టి పని ఆపుతుందని పెట్టారు. మీరు అలా చెయ్యరుగా."

"నోరు బాగానే లేస్తోంది."

షెడ్డులో ప్రెస్సులు రేకుల్ని నొక్కి మూతలు చేస్తాయి. ప్రతి ప్రెస్సుకీ ముందు ఒక ఇనుప జాలీ ఉండేది. జాలీ పూర్తిగా దిగితే తప్ప ప్రెస్సు పడదు. జాలీ దిగడానికీ లేవడానికీ టైము పోతోందని యజమానికి ఎప్పటినుంచో విసుగు. ఎక్కడో ఎగ్జిబిషన్‌లో ఈ కెమెరాని చూసొచ్చాడు. ప్రెస్సు మీద వేలాడుతూ కింద పసుపు గీతల మధ్యకి చెయ్యి వస్తే గుర్తుపట్టి ప్రెస్సుని ఆపేస్తుందట. పక్క ఊరి ఫ్యాక్టరీలో పెట్టేశారని విన్నాక ఆయనకి ఆగలేదు. జాలీ ఉండగానే కొన్నాళ్లు కెమెరా పెట్టి చూడండి, బాగుంటే జాలీ పీకేద్దాం అన్నాడు. పరీక్షించి చెప్పే పని ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునే చిన్నోడికి అప్పగించారు. ప్రెస్సు తొక్కే పెద్దోడికి, అంటే కోడలి మొగుడికి, సొంత తమ్ముడు, ఈ ఇంటి రెండో కొడుకు.

మొదట్లో కెమెరా ఊరికే ఆపేది. అది ఆపిన ప్రతిసారీ సూపర్‌వైజరు తాళంచెవి పట్టుకుని రావాలి. మాటతో కాక ఈలతో పిలుస్తాడని ఆయన్ని ఈలాయన అంటారు. ఆయన వచ్చేలోగా లైనంతా నోళ్లు తెరుచుకుని నిలబడేది. చేసిన మూతల్ని బట్టి కూలి కాబట్టి అందరూ కెమెరాని తిట్టారు, దాంతోపాటు చిన్నోడినీ.

పెద్దోడు తొడుగులు వేసుకెళ్లిన రోజు అతని ప్రెస్సు ఒక్కసారి కూడా ఆగలేదు. నూనెలో తడిసిన బూడిదరంగు గుడ్డని కెమెరా రేకు అనుకుంది. ఆ సంగతి లైనంతా పాకింది. వారం తిరక్కుండా ప్రెస్సులు ఆగడం తగ్గిపోయింది, మూతలు పెరిగాయి. యజమాని చిన్నోడి భుజం తట్టాడు.

కెమెరా ఎన్నిసార్లు ఆపిందని అడిగారు. ఆపాల్సినప్పుడు ఎన్నిసార్లు ఆపలేదని ఎవరూ అడగలేదు. జాలీ ఉంది కాబట్టి ఎవరి వేలూ నలగలేదు. ఆ మంచి పేరు కూడా కెమెరాకే వెళ్లింది.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర పెద్దోడు ముద్ద కలుపుతూ అన్నాడు. "రేపు జాలీలు కోసేస్తారంటగా."

"ఆ. గ్యాస్ కట్టరు వాళ్లు వస్తున్నారు," అన్నాడు చిన్నోడు.

"తొడుగుల సంగతి చెప్పావా?"

చిన్నోడు పళ్లెంలోంచి తల ఎత్తలేదు. "చెప్తాను. ముందు ఓకే కానీ. ఓకే అయ్యాక కెమెరా వాళ్లని పిలిచి ఆ గుడ్డని కూడా గుర్తుపట్టేలా నేర్పిస్తా. వాళ్ల పని అదే."

"ముందు నేర్పించి తర్వాత కొయ్యొచ్చుగా?"

"ఇప్పుడు చెప్తే ఇన్నాళ్ల పరీక్షంతా బూటకం అంటారు. అది నా మెడకి చుట్టుకుంటుంది. అయినా మోసం చేసింది నేనా, మీరా?"

"నీకు తెలీకుండా చేశామా? దండెం మీద ఆరుతుంటే రోజూ వాటి కిందనించే వంగి వెళ్లావు కదరా."

"నీకు పెడలు తొక్కడం తెలుసు. మిగతావి నాకొదిలెయ్."

పెద్దోడు ఎంగిలిచేత్తోనే తమ్ముడి జుట్టు పట్టుకుని మొహాన్ని గోడకేసి కొట్టాడు. చిన్నోడి ముక్కు చిట్లింది. పళ్లెం ఎగిరి అన్నం నేలంతా పడింది. చిన్నోడు చేతికందిన గరిటె తిప్పి అన్న చెవి మీద బాదాడు. మళ్లీ బాదాడు. ఇద్దరూ మెతుకుల మీద దొర్లారు. అత్తగారు ఇద్దరి పేగులూ ఒకటే, పుట్టిన కడుపు ఒకటే అంటూ మధ్యలోకి వెళితే ఎవరి మోచెయ్యో తగిలి ఆమె పెదవి పగిలింది. తల్లి నోట్లో రక్తం చూశాక గానీ ఇద్దరూ విడిపోలేదు.

కోడలు నేల తుడిచింది. గుడ్డలో అన్నమూ రక్తమూ కలిసి వచ్చాయి.

మర్నాడు గ్యాస్ కట్టరుతో జాలీల్ని కోశారు. నీలం మంట తగిలిన చోట ఇనుము ఎర్రబడి, కారి, తెగిపడింది. కోడలు పక్క బల్ల దగ్గర మూతల నూనె తుడుస్తూ చూస్తూనే ఉంది. అడ్డం పోయిన ప్రెస్సు పళ్లూడిన నోరులా కనిపించింది.

పెద్దోడు తొడుగులు విప్పి చంకలో పెట్టుకుని వట్టి చేతులతో ప్రెస్సు దగ్గర నిలబడ్డాడు. రేకు పెట్టబోగానే కెమెరా ఆపింది. ఈలాయన వచ్చి తాళం తిప్పి వెళ్లాడు. మళ్లీ ఆపింది. అతని ప్రెస్సు ఆగితే వెనకున్న ప్రెస్సులన్నీ ఆగుతాయి.

"ఏం బావా, ఇవాళ అత్త మీద ప్రేమ పొంగిందా?" వెనక ప్రెస్సువాడు అరిచాడు. బావ వరస కాకపోయినా అందరినీ అలాగే పిలుస్తాడు.

"జాలీ లేదురా. ఇప్పుడు అదొక్కటే దిక్కు. మీరూ విప్పండి."

"విప్పి ఇంటికేం పట్టుకెళ్లాలి? నీకైతే తమ్ముడు ఆఫీసులో ఉన్నాడు."

టీ గంట కొట్టగానే నలుగురు అతన్ని తుక్కు డబ్బా వెనక్కి ఈడ్చుకెళ్లారు. రేకు ముక్కల మీద పడేసి తన్నారు. ఒకడు బూటుతో మెడ మీద నిలబడ్డాడు. కోడలు పరిగెత్తి ఆ కాలు పట్టుకుని లాగింది. వాడు ఆమెని వెనక్కి నెట్టేశాడు. రేకు ముక్క ఆమె అరచేతిలో దిగింది.

"నీకు పుణ్యం ఉంటుంది వదినా, అడ్డం రాకు. నువ్వు కుట్టినవే కదా, తొడుక్కోమను. చాలు," అన్నాడు వెనక ప్రెస్సువాడు, ఎంతో మర్యాదగా. ఈలాయన అవతల నిలబడి గోడ వైపు చూస్తూ ఈల వేస్తున్నాడు.

పెద్దోడు లేచాడు. నోట్లోంచి ఊడిన పన్ను తీసి జేబులో వేసుకున్నాడు. తొడుగులు తొడుక్కున్నాడు.

ఆ వారంలోనే జరిగింది. ఒక మూత అచ్చులో అడ్డంగా ఇరుక్కుంది. దాన్ని లాగడానికి పెద్దోడు కుడిచెయ్యి లోపల పెట్టాడు. కాలు పెడలు మీదే ఉంది. జాలీ ఉన్న రోజుల్లో ఎప్పుడూ అలాగే లాగేవాడు, లాగినా ఏమీ కాలేదు. ప్రెస్సు పడింది. రేకు నలిగే చప్పుడు కాదది. పచ్చి కర్ర విరిగి, లోపలి తడి బయటికి చిమ్మినట్టు వినిపించింది. కోడలి బల్ల మీద తుడిచిపెట్టిన మూతలన్నిటి మీదా రక్తం చిందింది. ప్రెస్సు లేచేసరికి తొడుగు కొస రేకంత పల్చగా అచ్చుకి అతుక్కుని ఉంది. పెద్దోడు చేతిని చూసుకుంటూ నిలబడి, అక్కడే కూలబడ్డాడు.

కోడలు తల పైకెత్తింది. కెమెరా పక్కన, చెయ్యేదీ లేదన్నట్టు, పచ్చలైటు వెలుగుతూనే ఉంది.

ఆసుపత్రిలో మణికట్టు పైదాకా తీసేశారు. చెయ్యితోపాటు ఆ తొడుగు కూడా ఎటుపోయిందో తెలీదు. షెడ్డులో మిగతావాళ్ల తొడుగుల్ని ఈలాయన వసూలు చేసి కొలిమిలో వేయించాడని కబురొచ్చింది. కెమెరాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటి కింద జాలీల్లేని ప్రెస్సులు నడుస్తూనే ఉన్నాయి.

పెద్దోడు ఇంటికొచ్చిన తర్వాత ఒక ఉదయం చిన్నోడు ఇస్త్రీ చొక్కాతో పెరట్లోకి వచ్చి దండెం వైపు నడిచాడు. మార్చి తొడుక్కోవడానికి కుట్టిన రెండో జత ఇంకా అక్కడే వేలాడుతోంది. తెల్లారి లేచి కోడలు మళ్లీ ఉతికి ఆరేసింది.

"వదినా, ఇవి నేను తీసుకెళ్తున్నా."

"ఎందుకు?" పెరట్లో వేసిన మంచం మీంచి పెద్దోడు అడిగాడు.

"ఇవాళ షెడ్డుకి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. ఎవరైనా ఇంటికొచ్చి చూస్తే బాగుండదు."

"వచ్చి ఏం చేస్తాడు?"

"కెమెరా వాళ్లు రబ్బరు చెయ్యి తెచ్చారు. గీతల మధ్య పెడతారు. కెమెరా ఆపుతుంది. చూసి రాసుకుని వెళ్తాడు."

"నా చేతిని ఎందుకు ఆపలేదని అడిగితే?"

చిన్నోడు గొంతు తగ్గించాడు. "నువ్వు మరీ వేగంగా పెట్టావని... అజాగ్రత్త అని రాశారు. నేనూ సంతకం పెట్టాను. పెట్టకపోతే ఇద్దరం రోడ్డున పడతాం అన్నయ్యా. నీకు గేటు దగ్గర కూర్చునే పని ఇప్పిస్తా. మాట తీసుకున్నా."

"మిగతా ప్రెస్సుల మీద ఉన్నవాళ్ల చేతులు?"

"వాళ్లే కదా నిన్ను కొట్టింది."

పెద్దోడు మంచం దిగిన తీరు ఎవరికీ అర్థం కాలేదు. మూలనున్న రోకలి ఎడమచేత్తో ఎత్తాడు. మొదటి దెబ్బ చిన్నోడి భుజం మీద పడింది. రెండోదానికి మోకాలు వంగి నేల మీద పడ్డాడు. పడ్డవాడు అన్న కుడిచేతి కట్టుని పట్టుకుని పిండాడు. పెద్దోడు అరిచిన అరుపుకి అత్తగారు చెవులు మూసుకుంది. కట్టు అంతా ఎర్రబడింది. అయినా రోకలి వదల్లేదు. తమ్ముడి గొంతు మీద అడ్డంగా పెట్టి మోకాలితో నొక్కాడు.

"ఆ రబ్బరు చేతికి ఈ తొడుగు తొడిగి పెట్టమనరా," అన్నాడు, మాట మాటకీ నొక్కుతూ. "అప్పుడు ఆపుతుందేమో చూద్దాం. పెట్టమను."

"చచ్చిపోతాడు రా, వదులు," అత్తగారు కొడుకు వీపు మీద గుద్దుతోంది. "ఒక చెయ్యి పోయింది చాలదా? అమ్మాయ్, వచ్చి పట్టుకో."

కోడలు రోకలి రెండు కొసలూ పట్టుకుని పైకి లాగింది. మొగుడు ఆమె మొహం చూసి వదిలేశాడు. చిన్నోడు దగ్గుతూ, గొంతు పట్టుకుని, మోకాళ్ల మీద దండెం వైపు పాకాడు. ఒక చెయ్యి తొడుగుల వైపు చాపాడు.

కోడలు ఆ చేతిని దాటుకుని వెళ్లి తొడుగులు అందుకుంది. చేతిలో పట్టుకుంటే ఎవరైనా లాక్కోవచ్చు. అవింకా తడిగానే ఉన్నాయి. ఎడమది ముందు ఎక్కించింది, తర్వాత కుడిది, మోచేతుల దాకా. కొసల్లోంచి గోళ్లు మాత్రం కనిపించాయి. మోచేతి దగ్గరి నాడాల్ని పళ్లతో లాగి ముడివేసింది. అరచేతిలో పాత గాయానికి సబ్బు తగిలి మండింది.

"వదినా," అన్నాడు చిన్నోడు.

"ఎక్కడికే?" అంది అత్తగారు.

పెద్దోడు రక్తం కారుతున్న చేతిని గుండెకి ఆనించుకుని, దారిలోంచి కాళ్లు పక్కకి జరుపుకున్నాడు.

ఆమె చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని, తలుపు గొళ్లెం తీసి, ఇన్‌స్పెక్టరు వచ్చే షెడ్డు వైపు వెళ్లిపోయింది.