పదిహేడో గడి

పొద్దున్న ఆరు కొట్టకముందే సీసాల ఫ్యాక్టరీ గేటు ముందు బండ్లు బారులు తీరేవి. గేటు పక్కనున్న పార్కింగ్ స్థలం చూడ్డానికి పెద్దదే గానీ, మూడు షిఫ్టుల జనానికి అది ఏ మూలకి? అందుకే నేలంతా తెల్ల రంగుతో గళ్లు గీసి, నంబర్లేసి పంచారు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ అక్కడే పనిచేస్తుంటే ఇద్దరికీ కలిపి ఒక్కటే గడి. అలా కొలిమి మేస్త్రికీ ఆయన భార్యకీ పదిహేడో గడి వచ్చింది.

మేస్త్రిది మొదటి షిఫ్టు, ఆరు నుంచి రెండు. భార్యది రెండో షిఫ్టు, రెండు నుంచి పది. బెల్టు మీద వచ్చే సీసాలని ఒక్కొక్కటే దీపం ముందు తిప్పి చూసి, వెంట్రుకంత పగులున్నా పక్కన పెట్టేయడం ఆవిడ పని. ఇద్దరికీ ఉన్నది ఒకే స్కూటరు. ఆయన పొద్దున్నే దాని మీద వచ్చి గడిలో పెట్టి, మధ్యాహ్నం తాళంచెవి వాచ్‌మన్ తాత చేతికిచ్చి బస్సెక్కి ఇంటికి పోయేవాడు. ఆవిడ బస్సులో వచ్చి, పని అయ్యాక ఆ స్కూటర్ మీద వెళ్లేది. ఇరవై రెండేళ్లుగా ఇదే వరస. పెళ్లి పీటల మీద పక్కపక్కన కూర్చున్నంత సేపు మళ్లీ ఎప్పుడూ కూర్చోలేదని ఆవిడ నవ్వుతూనే అనేది.

కబుర్లు ఎప్పుడు చెప్పుకునేవారంటారా? గడిలో చెప్పుకునేవారు. ఆ స్థలంలో ఏ గడిలో అన్న మాట ఆ గడిలోనే ఉండిపోయేది. తర్వాత వచ్చినవాళ్లు ఇంజన్ ఆపి ఒక్క నిమిషం నిలబడితే, అన్నవాళ్ల గొంతుతోనే వినపడేది. ఒకసారి పూర్తిగా వినపడ్డాక ఇక ఉండదు. కుండలో పోసిన నీళ్లు కుండలో ఉంటాయి, ఇదీ అంతే అనుకునేవారు జనం. మూడో మిషను బెల్టు జారుతోంది చూసుకో అనో, సూపర్‌వైజర్ ఇవాళ చిటపటలాడుతున్నాడు జాగ్రత్త అనో, దిగే షిఫ్టువాళ్లు ఎక్కే షిఫ్టువాళ్లకి గడిలోనే చెప్పిపోయేవారు. పనిలో ఏ తేడా వచ్చినా మేనేజరుగారు కూడా, "రిజిస్టరు తర్వాత చూద్దురుగానీ, ముందు గడిలో ఏముందో వినండయ్యా" అనేవారు.

మేస్త్రి భార్య ఏ మాటైనా, "ఇంజన్ ఆపావా?" అనే మొదలుపెట్టేది. ఆపకపోతే ఆ ప్రశ్న వినపడనే వినపడదు కదా! అయినా అడిగేది. ఆయనకి ఎప్పుడూ తొందరే. ఇంజన్ నడుస్తుండగానే దిగి, నడుస్తుండగానే హెల్మెట్ తీసి, అప్పుడు గుర్తొచ్చి ఆపేవాడు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. పదిహేడో గడిలో మాత్రం ఆవిడ నోరు జారినా పొద్దున్నకల్లా ఆయన నవ్వుకునేవాడు. ఇంట్లో అయితే ఒకరు వచ్చేసరికి ఇంకొకరు నిద్ర. ఫోన్లోనా, ఇద్దరికీ ఊ, ఆ తప్ప ఇంకేం వచ్చేవి కావు. అలవాటు లేని పని ఎవరికి చేతనవుతుంది?

చిక్కల్లా మధ్యాహ్నం రెండింటితోనే. ఒక షిఫ్టు దిగి, ఇంకో షిఫ్టు ఎక్కే వేళకి ఆ రోడ్డు మీద చీమ దూరే సందుండేది కాదు. లారీలు, బస్సులు, స్కూటర్లు, సైకిళ్లు, అన్నిటి హారన్లూ ఒక్కసారే. అరగంట దారికి బస్సు గంటన్నర తీసుకునేది. ఆవిడ అంత సేపూ నిలబడే వచ్చి, మళ్లీ ఎనిమిది గంటలు దీపం ముందు నిలబడేది. సాయంత్రానికి కాళ్లు వాచిపోయేవి. ఆ సంగతి గడిలో కూడా నవ్వుతూనే చెప్పేది గానీ, వింటున్న మేస్త్రికి నవ్వొచ్చేది కాదు.

అందుకే నగరంవాళ్లు ట్రాము లైను వేస్తామని, చివరి ముక్కకి మీ పార్కింగ్ స్థలం కావాలని కబురు పెట్టినప్పుడు అందరికంటే ముందు ఎగిరి గంతేసింది మేస్త్రే. కాగితం పట్టుకుని క్యాంటీనంతా తిరిగి, ఒప్పుకోని వాళ్లని బతిమాలి, బామాలి సంతకాలు పెట్టించాడు. వాచ్‌మన్ తాత ఒక్కడే అడిగాడు.

"బండ్లంటే ఎక్కడో అక్కడ పెట్టుకుంటారు మేస్త్రీ. మరి మాటలెక్కడ పెట్టుకుంటారయ్యా?"

"ట్రామొస్తే గంటన్నర మిగులుతుంది తాతా. మాటలకి టైమే టైము!"

తాత సంతకం పెట్టాడు. ఆ కాగితాన్ని తన చేత్తోనే తీసుకెళ్లి ఇచ్చొచ్చానని మేస్త్రి తర్వాత ఎన్నిసార్లు అనుకున్నాడో లెక్కలేదు.

పనులు మొదలై, ఫ్యాక్టరీకి ఒక స్టాపు ఇవతలి దాకా పట్టాలు పడ్డాయి. ట్రాము వేళల్ని బట్టి షిఫ్టులు కొత్తగా వేస్తామని, ఎవరికి ఏది కావాలో శనివారంలోగా చీటీ రాసివ్వమని ఆఫీసువాళ్లు చెప్పారు. ఒకసారి వేస్తే మళ్లీ రెండేళ్ల దాకా మార్చరు. భార్య శుక్రవారమే చీటీ ఇచ్చేసింది. శనివారం ఆవిడకి వారపు సెలవు. ఏటికి అవతలున్న అక్కగారింటికి వెళ్తూ వెళ్తూ మేస్త్రికి ఆ సంగతేమీ చెప్పలేదు. చెప్పాల్సింది గడిలో చెప్పేసింది కదా.

ఆ శనివారమే ట్రాము మొదటిసారి నడిచింది. మొదటి రోజని టిక్కెట్టు లేకుండా ఎక్కించారు. మన మేస్త్రి చిన్నపిల్లాడైపోయాడు. స్కూటర్ని ఇంటి దగ్గరి స్టాపులో పెట్టేసి, ట్రాములో కిటికీ పక్కన కూర్చుని, మిగతా కాస్త దూరం నడిచి డ్యూటీకి వెళ్లాడు. మధ్యాహ్నం గేటు దాటుతుంటే తాత ఈలేసి పిలిచాడు.

"మేస్త్రీ! పదిహేడులో ఏదో ఉన్నట్టుంది, విని పో!"

"గ్యాసయిపోయిందని అయ్యుంటుంది తాతా. సోమవారం వింటాలే!"

అవతల ట్రాము వెళ్లిపోతోంది మరి. స్థలం తవ్వేది బుధవారం అన్నారు, ఇంకా బోలెడు రోజులుంది. కానీ జన్మలో చెప్పిన వేళకి రాని కాంట్రాక్టర్లు ఆ ఒక్కసారికి మూడు రోజుల ముందే, ఆదివారమే వచ్చిపడ్డారు. సోమవారం పొద్దున్నకి గళ్లూ లేవు, నంబర్లూ లేవు, ఎర్రమట్టి గుట్టలు తప్ప.

మేస్త్రి ఆ గుట్టల మధ్య పదిహేడు ఎక్కడుండేదో వెతికాడు. ఏమందో భార్యనే అడిగేస్తే పోయేది. అడిగితే, ట్రాము మోజులో నా మాట వదిలేసి వచ్చావా అంటుందని నోరు మెదపలేదు. ఇంకో సంగతి కూడా దాచాడు. ఆ శనివారం తన చీటీలో రెండో షిఫ్టు రాసిచ్చాడు. రెండోది తను నెత్తిన వేసుకుంటే ఆవిడకి పొద్దున్నది దొరుకుతుందని, చేసిన మేలు చెప్పుకోకూడదని ఆయన లెక్క. మంగళవారం బోర్డు మీద పేర్లు పడ్డాయి. ఆవిడకి మొదటిది, ఆయనకి రెండోది. ఆవిడ బోర్డు ముందు చాలాసేపు నిలబడింది.

"సరే," అంది చివరికి.

సంతోషం పట్టలేక మాట రావడం లేదేమో అనుకున్నాడు మహానుభావుడు!

ఆ తర్వాత ఆవిడ నవ్వుతూ ఏదీ చెప్పలేదు. నవ్వకుండా కూడా పెద్దగా చెప్పలేదు. నాలుగు నెలలు గడిచాక ఏటికి అవతలి ఫ్యాక్టరీలో సీసాలు చూసేవాళ్లు కావాలంటే పేరిచ్చి, అక్కగారింట్లో ఉంటూ అక్కడికే డ్యూటీకి వెళ్లడం మొదలుపెట్టింది. రెండు వారాలకోసారి ఆదివారం ఇంటికొచ్చేది. ఒక గిన్నె తీయాలన్నా, "ఇది వాడుకోవచ్చా?" అని అడిగేది. తన ఇంట్లో తనే చుట్టంలా! ఎనిమిది నెలలు అలాగే నడిచింది. ఆఖరికి ఒక ఆదివారం సంచి సర్దుకుంటూ చెప్పింది.

"నన్నక్కడ పర్మనెంట్ చేస్తామంటున్నారు. శనివారం సంతకం పెట్టాలి. పెట్టేస్తున్నాను."

పెట్టొద్దే అని అరవాలనిపించింది మేస్త్రికి. కానీ నోట్లోంచి వచ్చింది మాత్రం, "నీ ఇష్టం."

ఆవిడ సంచి భుజానేసుకుని వెళ్లిపోయింది.

ఇక్కడ ఈలోగానే ట్రాము పార్కింగ్ స్థలం మీదుగా ఫ్యాక్టరీ గేటు దాకా వచ్చేసింది. పట్టాల కింద గళ్లు గళ్లుగానే ఉన్నాయని జనానికి మొదటి వారంలోనే తెలిసింది. ట్రాము ఆ గళ్ల మీద నెమ్మదించినప్పుడల్లా వినకుండా వదిలేసిన పాత మాటలు ముక్కలు ముక్కలుగా పైకొచ్చేవి. ఒకరోజు ఎవరో ఏనాడో సూపర్‌వైజర్ని తిట్టిన తిట్టు, సూపర్‌వైజర్ చెవి పక్కనే వినపడింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు పాపం. పదిహేడు దగ్గర మాత్రం ట్రాము ఎప్పుడూ ఆగేది కాదు. "ఇంజ" అని ఒక్క ముక్క వచ్చేది, అంతలోనే దాటిపోయేది. పట్టాల మీదికి దిగి నిలబడదామంటే ట్రాము వెనక ట్రాము, గంట కొట్టి తరిమేసేవారు. ఆ ముక్క కోసం మేస్త్రి రోజూ అటువైపే నిలబడేవాడు.

ఇంతకీ రోడ్డు బాగుపడిందా అంటే, ఎక్కడ బాగుపడింది? శివార్ల నుంచి వచ్చేవాళ్లకి తెల్లవారుజామున ట్రాము లేదు. వాళ్లు బండ్ల మీదే వచ్చేవారు. పెట్టుకోడానికి చోటు లేక గోడ వారన, చెట్టు కింద, ఆఖరికి పట్టాల పక్కన పెట్టేవారు. ఆవిడ సంతకం పెట్టాల్సిన శనివారం మధ్యాహ్నం ఎవరో ఒక వ్యానుని అలా పెట్టి డ్యూటీకి పోయారు. దాని వెనక భాగం మూరెడు పట్టాల మీదికుంది.

మేస్త్రి ఎక్కిన ట్రాము దానికి జానెడు దూరంలో ఆగింది. డ్రైవరమ్మ గంట కొట్టింది, తల బయటికి పెట్టి కేకేసింది, ఫోన్ చేసింది. చివరికి విసుగొచ్చి కరెంటు కట్టేసింది. చప్పుడంతా ఆగిపోయింది. ట్రాము సరిగ్గా పదిహేడో గడి మీదుంది.

"ఇంజన్ ఆపావా?" అంది మేస్త్రి భార్య గొంతు. "ఆపితేనే కదా వినేది, నా పిచ్చి గానీ. ఇదిగో, నేను చీటీ ఇచ్చేశాను. మొదటి షిఫ్టు రాశాను. నువ్వు నీది మార్చకు, అదే ఉంచుకో. పొద్దున్నే ఇద్దరం ఒకే ట్రామెక్కుదాం. కిటికీ పక్కన నువ్వే కూర్చో, నీకిష్టం కదా. పగటిపూట నీ మొహం సరిగ్గా చూసి ఎన్నేళ్లయిందో. జుట్టు ఎంత నెరిసిందో కూడా నాకు తెలీదు. ఇంట్లో అడగాలంటే సిగ్గుగా ఉంది. నీకిష్టం లేకపోతే నోటితో చెప్పొద్దులే. వేరే షిఫ్టు రాసెయ్. నాకర్థమవుతుంది. మళ్లీ అడగను."

అంతే. ట్రాములో అందరూ చేతుల్లోని టిఫిన్ డబ్బాల వంక చూసుకున్నారు.

"పదిహేడు ఎవరిది?" అంది డ్రైవరమ్మ వెనక్కి తిరిగి.

"నాది."

"ఎప్పటి మాటండీ?"

"పోయినేడాదిది," అన్నాడు మేస్త్రి.

స్టాపు కాని చోట తలుపు తీయకూడదని రూలు. డ్రైవరమ్మ తలుపు తీసింది. "వెళ్లండి అన్నయ్యా," అంది.

ఆయన పట్టాల వెంబడే నాలుగు స్టాపుల దూరం నడిచి ఇంటికెళ్లాడు. ఇన్నేళ్లలో చెప్పకుండా డ్యూటీ మానడం అదే మొదలు. స్కూటర్ మీది కవరు లాగి పారేసి, పద్నాలుగుసార్లు కిక్కు కొడితే అది దగ్గుతూ లేచింది. ఏటి వంతెన మీద బండి వెనక బండి. అందరూ హారన్లు కొడుతున్నారు. మేస్త్రి కొట్టలేదు. ఈ మనిషి నన్ను ఒక్కటే కోరిక కోరింది, నేను వద్దని రాసి సంతకం పెట్టి ఇచ్చాను అని ఆ వంతెన పొడుగునా కుమిలిపోయాడు. నోరు తెరిచి ఒక్కసారి అడిగుంటే! తాత పిలిచినప్పుడు ఒక్క నిమిషం ఆగుంటే!

అయిదింటికి అవతలి ఫ్యాక్టరీలో జనం బయటికొస్తున్నారు. ఆవిడ సంచి భుజానేసుకుని గేటు దాటుతూ, గోడ వారన డగడగలాడుతున్న స్కూటర్ని, దాని మీదున్న మొగుణ్ణి చూసి ఆగింది.

"డ్యూటీకి పోలేదా? ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది. నీ మాట అందింది."

"ఏ మాట?"

"గడిలోది. ఒకే ట్రామెక్కుదాం అన్నావే, అది."

ఆవిడ చెయ్యి సంచి పట్టీ మీదే ఉండిపోయింది. "అది పోయినేడు అన్న మాట."

"నాకు ఇవాళే అందింది. ఆ రోజు స్కూటర్ మీద రాలేదు. ట్రామెక్కాను, ఊరికే ఎక్కిస్తున్నారని."

ఆవిడ ఆయన మొహంలోకి, దీపం ముందు సీసాని చూసినట్టు చాలాసేపు చూసింది.

"మరి రెండోది ఎందుకు రాశావు?"

"నీ కాళ్లు వాస్తున్నాయని. అది నేను తీసుకుంటే నీకు పొద్దున్నది వస్తుందని."

"నాతో ఒక్క మాట అనలేదే!"

"అనాల్సింది. తప్పు చేశాను."

ఆవిడ గోడ అంచు మీద కూలబడింది. కొంగుతో మొహం తుడుచుకుంది. "పన్నెండింటికి సంతకం పెట్టేశానయ్యా. ఇక అక్కడికి రావడానికి లేదు."

"నువ్వు రానక్కర్లేదు. ఇక్కడ కొలిమి లేదా ఏంటి?"

"ఉంది. దానికో మేస్త్రీ ఉన్నాడు. నీకేమిస్తారు? పార చేతికిస్తారు."

"పగిలిన సీసాలు తోస్తాను. సోమవారమే వచ్చి అడుగుతాను. నువ్వే షిఫ్టయితే నాకూ అదే కావాలని."

ఆవిడ నవ్వలేదు. ఆయన తల వైపు, నెరిసిన జుట్టు వైపు చూసింది. అనుకున్నదానికంటే ఎక్కువే నెరిసింది.

"ఏడాదయింది. ఇప్పుడడిగితే ఆ మాటే అంటానో లేదో నాకే తెలీదు," అని, ఇంకేదో కూడా అంది. అది స్కూటర్ చప్పుడులో కలిసిపోయింది.

"ఏంటీ?" అన్నాడు మేస్త్రి, ముందుకి వంగి.

"ముందు ఆ ఇంజన్ ఆపు!"

"ఆపితే మళ్లీ స్టార్టవదేమోనే."

"కాకపోతే నడుద్దాం."

ఆయన ఆపాడు. ఆవిడ గోడ మీద కాస్త పక్కకి జరిగి, మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.